చంద్రభాగ టాకీస్ పక్క గేటు

1992 ఏప్రిల్ తొమ్మిదో తేదీ, గురువారం. ఆ పొద్దున ఇంట్లో చోడి అంబలి, ఎండు నెత్తళ్ళ వేపుడు, నంజుకోవడానికి పచ్చి ఉల్లిపాయ. అబ్బాయి ఉమాశంకర్ రెండోసారి అంబలి పోయించుకున్నాడు. మూకుడు అడుగున మిగిలిన నాలుగు నెత్తళ్ళూ వాళ్ళమ్మ వాడి కంచంలోకే తోసేసింది. ఎనిమిదేళ్ళు దాటినా శ్రీరామ్మూర్తికి ఆ కంచం కళ్ళముందు పెట్టినట్టే ఉంటుంది.

ప్రొజెక్టరు వెనక దీపపు గూడు తలుపు తీసి, అరిగిపోయిన కార్బన్ కడ్డీ ముక్కను పటకారుతో లాగుతున్నప్పుడు ఈవేళ కూడా అదే గుర్తొచ్చింది. ముక్క ఇంకా ఎర్రగా ఉంది. దాన్ని ఇసుక డబ్బాలో పడేసి, కొత్త కడ్డీ బిగించి, రెండు కడ్డీల మొనలూ ఒకదానికొకటి తాకించి విడదీశాడు. చిటచిటమని తెల్లటి వెలుగు లేచింది. నల్లద్దంలోంచి దాన్ని ఒక్క క్షణం చూసి తలుపు మూశాడు.

గాజువాక నుంచి స్టీల్ ప్లాంటుకు వెళ్ళే దారిలో ఉంది చంద్రభాగ టాకీస్. ఊరంతా మ్యాట్నీ రెండింటికి వేస్తే ఇక్కడ రెండున్నర దాటాక గాని వెయ్యరు. ప్లాంటులో పొద్దుటి ‘ఏ’ షిఫ్టు దిగిన వాళ్ళు బస్సుల్లో వచ్చి, మొహం కూడా కడుక్కోకుండా నేల టిక్కెట్లో కూలబడతారు. సగంమంది ఇంటర్వెల్ దాకా నిద్రపోతారు. వాళ్ళ గురకలు మధ్య మధ్య కేబిన్ దాకా వినపడతాయి. శ్రీరామ్మూర్తికి అదొక తృప్తి. పొద్దున్నుంచీ కొలిమి దగ్గర నిలబడినవాడు చల్లటి చీకట్లో రెండు గంటలు ఒళ్ళు వాలిస్తే, సినిమా చూడకపోతే మాత్రం ఏం పోయింది అనుకుంటాడు.

యాభై ఏడేళ్ళ మనిషి. బక్క పలచన. ఎడమచేతి వేళ్ళ కొనలు కాలి కాలి గట్టిపడి గవ్వల్లా ఉంటాయి. కుడికన్ను అస్తమానం నీరు కారుతుంది. ఇరవై నాలుగేళ్ళుగా ఈ కేబిన్‌లోనే పని. రెండు మిషన్లు, ఒక ముక్కాలి పీట, రీలు చుట్టే బల్ల, పలక పాటి కిటికీ. పదహారు రీళ్ళ సినిమాలో ఒక్కో రీలు పది నిమిషాలు. ఒక మిషన్ మీద ఒకటి నడుస్తుంటే రెండోదాని మీద తర్వాతి రీలు ఎక్కించాలి. కార్బన్ కడ్డీలను ముందుకు నెట్టే మోటారు చెడిపోయి ఏళ్ళయింది. రెండు నిమిషాలకోసారి చేత్తో మర తిప్పి వాటిని దగ్గర చెయ్యాలి. మరిచిపోతే కడ్డీల మధ్య ఎడం పెరిగి, తెర ముందు పసుపుబారి, తర్వాత ఎర్రబడి, చివరికి ఆరిపోతుంది. అందుకే వెలుగుతున్న దీపాన్ని వదిలి ఆపరేటరు కదలకూడదు. పని నేర్పినాయన మొదటిరోజు చెప్పిన మాట అదొక్కటే. శ్రీరామ్మూర్తి ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఆ మాట తప్పలేదు.

ఇప్పుడు ఆడుతున్న సినిమాకి ఇది నాలుగో వారం. కూతుర్ని చంపిన వాళ్ళను వెతుక్కుంటూ పోయే ఒక తండ్రి కథ. ఆయన బడిపంతులు. పోలీసులు కేసు మూసేస్తే తనే బయల్దేరతాడు. ఒక్కొక్కణ్ణీ పట్టుకుని “ఎవరు?” అని అడుగుతాడు. వాడు ఇంకొకడి పేరు చెప్పాక చంపేస్తాడు. మొదటి వారంలో ఆ కత్తి లేచినప్పుడల్లా హాల్లో కాగితం ముక్కలు ఎగిరేవి. ఇప్పుడు ఈలలు మాత్రం మిగిలాయి.

శ్రీరామ్మూర్తి ఆ సినిమాను పలక పాటి కిటికీలోంచి ముక్కలు ముక్కలుగానే చూశాడు. ఆ ముక్కల్లో ఆ తండ్రి ఎక్కడా అన్నం తినడు. బిందెతో నీళ్ళు మొయ్యడు. పగ తప్ప అతనికి వేరే పని లేదు.

మ్యాట్నీ ఆరో రీలు నడుస్తుండగా మెట్ల మీద ఆయాసం వినిపించింది. టీ గ్లాసుతో గవర్రాజు తల వంచుకుని లోపలికొచ్చాడు. గేటు కీపరు. ఇద్దరూ ఒకే ఏడాది పనిలో చేరారు. బంధుత్వం ఏమీ లేకపోయినా మొదటినుంచీ బావా అంటే బావా అనుకున్నారు.

“ఏటి బావా, ఈడింకా నరుకుతానే ఉన్నాడా?” కిటికీలోంచి తొంగిచూసి అన్నాడు గవర్రాజు. “ఈడికి డూటీ నేదేటి? ఈడిది ఏ షిఫ్టు?”

“లీవు పెట్టుంటాడు.”

“నెలరోజులా? మనోల్లకైతే ఉజ్జోగం ఊడిపోను.”

శ్రీరామ్మూర్తి మూతి బిగించి నవ్వి, మర తిప్పి, టీ అందుకున్నాడు. గవర్రాజుకు పనిలో ఈవేళే ఆఖరు. రెండు కళ్ళకీ శుక్లాలు. చీకట్లో చేతిలోని టిక్కెట్టు నేలదో బెంచీదో కూడా తెలియడం లేదు. ఆయాసం వేరే. సబ్బవరంలో ఉన్న కూతురు రోజారమణి వచ్చెయ్యమంది. మొదటాట సగంలో ఉండగా సంచీ సర్దుకుని, తొమ్మిదింపావు ఆఖరి బస్సుకి వెళ్ళిపోతాడు.

“నువ్వెల్లిపోతే నాకు టీ ఎవులు తెత్తారు?” అన్నాడు శ్రీరామ్మూర్తి.

గవర్రాజు ఏదో అనబోయినట్టు నిలబడి, ఖాళీ గ్లాసు తీసుకుని గోడ పట్టుకుంటూ దిగిపోయాడు.

ఆ ఏప్రిల్ తొమ్మిదిన ఈ టాకీస్‌లోనే పెద్ద హీరో సినిమా విడుదల. పొద్దున్న ఎనిమిదింటికే ఒక ఆట వేశారు. అది నడుస్తుండగా పదకొండున్నర ఆటకి క్యూ సందులో జనం నిండిపోయారు. రెండు గోడల మధ్య మనిషి పట్టేంత సందు. దాని చివర టిక్కెట్టు కిటికీ, పక్కన బయటికి పోయే ఇనప గేటు. వెనకనుంచి తోపు వచ్చింది. ముందున్న పిల్లలు గేటు మీద పడ్డారు. గేటు తెరుచుకోలేదు. పదిమందికి దెబ్బలు తగిలాయి. ఒక్కడు పోయాడు. ఇంటర్ పరీక్షలు రాసి వారం కాని ఉమాశంకర్.

పైన కేబిన్‌లో శ్రీరామ్మూర్తి మర తిప్పుతూనే ఉన్నాడు. ఇంటర్వెల్ దాకా ఎవరూ పైకి వచ్చి చెప్పలేదు.

విచారణలో గేటు తెరిచే ఉందని సిబ్బంది అందరూ సంతకాలు పెట్టారు. తోపులాటలో జరిగిన ప్రమాదమని రాసి ఫైలు మూసేశారు. కాని లైన్లో ఉన్న పిల్లలు ఇంటికొచ్చి ఏడుస్తూ చెప్పారు, గేటుకి తాళం ఉందని. అప్పటినుంచి శ్రీరామ్మూర్తి భార్య దేముడమ్మకు ఒకటే మాట. “తాళం ఎవులేసినారు?” కూర తరుగుతూ అడిగేది. బట్టలు పిండుతూ అడిగేది. శ్రీరామ్మూర్తి అప్పట్లో ఉన్న ముగ్గురు గేటు కీపర్లనూ అడిగాడు. నాను కాదంటే నాను కాదన్నారు. గవర్రాజు కూడా, “నాకు తెల్దు బావా” అన్నాడు. మిగతా ఇద్దరూ పని మానేసి పోయారు. నాలుగేళ్ళు అడిగి అడిగి, తొంభై ఆరులో దేముడమ్మ కామెర్లతో పోయింది. పోయే ముందురోజు కూడా మంచం పట్టె పట్టుకుని అడిగింది. “కనుక్కుంటాను. కనుక్కుని ఆణ్ణి కాలరట్టుకుని ఈదిలోకి ఈడుస్తాను” అని శ్రీరామ్మూర్తి మాటిచ్చాడు. జన్మలో ఎవరి కాలరూ పట్టుకోని మనిషి.

మ్యాట్నీ వదిలారు. రీళ్ళన్నీ వెనక్కి చుట్టి, ఒకచోట తెగిన అతుకు బ్లేడుతో గీకి ఫిలిం సిమెంటు రాసి అంటించి, తెచ్చుకున్న అన్నం తిన్నాడు. ఆరున్నరకి మొదటాట మొదలైంది. సెకండ్ షో వారం మధ్యలో మానేసి ఏడాదైంది కాబట్టి దీని తర్వాత ఇల్లే.

ఇంటర్వెల్ అయి, పన్నెండో రీలు ఎక్కాక మళ్ళీ ఆయాసం. ఈసారి గవర్రాజు చేతిలో టీ లేదు. బోర్లించిన రీలు డబ్బా మీద కూర్చున్నాడు. చాలాసేపు ఊపిరి కూడదీసుకున్నాడు.

“బావా, ఓ మాట.”

“సెప్పు.”

“ఎనక్కి తిరక్కు. మిషను సూసుకుంతానే ఇను.” గొంతు సవరించుకున్నాడు. “ఆ యేల పక్క గేటుకి తాళం ఏసింది నానే.”

శ్రీరామ్మూర్తి చెయ్యి మర మీదే ఉంది. తిప్పాడు. కిటికీలో తెర తెల్లబడింది.

“టిక్కెట్టు నేనోల్లు ఆ గేటులోంచి దూరిపోతన్నారు. ఎవులూ ఎయ్యమన్నేదు, నాకే తోసినాది. ఏసి, తాళంసెవి జేబులో ఎట్టుకుని, లోపల బేటరీ లైటుతో సీట్లు సూపెడతన్నాను. అరుపులు ఇనిపించినాయి. అభిమానులనుకున్నాను. కొత్త సినిమాకి అరవకుండా ఉంతారేటి?” గవర్రాజు ఆగాడు. “నానొచ్చి తీసినాను. పిల్లోడికి ఊపిరుంది. ఎత్తుకెల్లి కౌంటరు గదిలో పడుకోబెట్టినాను. సెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. ఆటో వొచ్చేతలికి అయిపోనాది.”

మిషన్ గరగరమంటూ తిరుగుతోంది.

“నీకు సెప్దామనే మెట్లెక్కినాను బావా. నువ్విలాగే మర తిప్పుకుంతా ఏదో పాట ఈలేత్తన్నావు. నా నోరు పెగల్లేదు. మంచినీల్లు కావాలా అని అడిగీసి, తెచ్చిచ్చి, దిగిపోనాను.”

ఆ నీళ్ళు శ్రీరామ్మూర్తికి గుర్తున్నాయి. కొత్త కుండలో నీళ్ళు. గ్లాసు ఖాళీ చేసి, చల్లగా ఉన్నాయిరా అని కూడా అన్నాడు.

“దేముడమ్మ పోయినప్పుడు పాడె మోసినావు గదరా,” అన్నాడు చివరికి, వెనక్కి తిరక్కుండానే. “అప్పుడైనా సెప్పనేదు.”

“అప్పుడు సెప్తే నన్ను పాడె ముట్టుకోనిచ్చేవోడివా?”

తెర మీద కుడి మూల నల్లచుక్క పడింది. రీలు మారాలి. శ్రీరామ్మూర్తి రెండో మిషన్ దగ్గరికి అంగ వేసి, రెండో చుక్క కోసం చూసి, మీట మార్చాడు. వెలుగు ఈ మిషన్ మీంచి ఆ మిషన్ మీదికి చుక్క తేడా లేకుండా దూకింది. అప్పుడు తిరిగాడు. గవర్రాజు డబ్బా మీద వంగి కూర్చుని ఉన్నాడు. చొక్కా కాలర్ రెండడుగుల దూరంలో ఉంది. మెడ మీద నెరిసిన వెంట్రుకలు, చెమట.

“దిగు,” అన్నాడు శ్రీరామ్మూర్తి.

గవర్రాజు లేచాడు. ఒక్కో మెట్టూ కాలితో తడుముకుంటూ దిగుతున్న చప్పుడు చాలాసేపు వినిపించింది.

పదమూడో రీలు. పద్నాలుగు. చేతులు వాటంతటవే పని చేస్తున్నాయి. ఎనిమిదేళ్ళు ఒకే బల్ల మీద కూర్చుని టీ తాగాం గదా, ఒకే బీడీ పంచుకున్నాం గదా అని ఒళ్ళు మండుతోంది. మనిషి దొరికాడు. దేముడమ్మకిచ్చిన మాట ఉంది. కింద వీధి ఉంది. బస్సుకి ఇంకా పావుగంట ఉంది. ఈడవడానికి బలం ఉందో లేదో గాని కోపం మాత్రం సరిపోయేంత ఉంది.

పదిహేనో రీల్లో పంతులు ఆఖరివాణ్ణి సున్నపు బట్టీ దగ్గరికి లాక్కొచ్చాడు. మానిటర్ స్పీకర్లోంచి అతని గొంతు గరుగ్గా వచ్చింది. “ఎవరు? చెప్పు, ఎవరు?”

ఆ ప్రశ్న శ్రీరామ్మూర్తి నాలుగు వారాలుగా రోజుకి రెండుసార్లు వింటున్నాడు. ఈ ఒక్కసారి అది తననే అడిగినట్టు అనిపించింది. ఎందుకంటే తాళం సంగతి తెలిసిపోయాక, ఇన్నాళ్ళూ దాని వెనక దాచుకున్న ఇంకో సంగతి ఒంటరిగా బయటపడి నిలబడింది. దాన్ని అతను దేముడమ్మకు చెప్పలేదు. విచారణలో చెప్పలేదు. తనలో తాను కూడా పూర్తిగా అనుకోలేదు.

పదహారో రీలు, ఆఖరిది, ఎక్కించి మీట మార్చాడు. మర తిప్పి కడ్డీలు దగ్గర చేశాడు. దీపాన్ని నల్లద్దంలోంచి చూశాడు. బాగా వెలుగుతోంది. రెండు నిమిషాలు వెలుగుతుంది. మహా అయితే మూడు. ఆ తర్వాత చెయ్యి పడాలి.

కేబిన్ తలుపు తీసి మెట్లు దిగాడు.

గవర్రాజు పక్క గేటు అవతల అరుగు మీద, టాకీస్ వాళ్ళిచ్చిన చొక్కా విప్పేసి బనీనుతో కూర్చుని ఉన్నాడు. కాళ్ళ దగ్గర గుడ్డసంచీ. శ్రీరామ్మూర్తిని చూసి గాభరాగా లేచాడు.

“మిషను వొదిలీసి వొచ్చినావేటి బావా?”

“నాను సెప్పీదాకా మాటాడకు,” అన్నాడు శ్రీరామ్మూర్తి. గేటు ఊచ పట్టుకున్నాడు. “ఆ పొద్దుట ఆడు నన్నడిగినాడు. కేబిన్లోంచి సూత్తాం నాన్నా, నలుగురం ఉన్నాం అని. ఎన్నిసార్లు సూడ్లేదు ఆడు అక్కడ్నించి? కానీ ఆ యేల నాకేటో... జతగాల్లని ఏసుకుని దర్జా ఒలకబోత్తన్నాడనిపించినాది. ఆపరేటరు కొడుకైతే ఏటి గొప్ప, అందర్లాగా లైన్లో నిలబడి కొనుక్కోండి అన్నాను. దేముడమ్మ అప్పుడు కొళాయి కాడుంది. ఇన్నేదు.”

గవర్రాజు మసక కళ్ళతో అతని మొహం కోసం వెతికాడు.

“తాళం ఎవులేసినారని అది అడుగుతాంటే, దాంతో పాటు నానూ అడిగినాను. నాలుగేల్లు. లైన్లోకి ఎవులు పంపినారని అది అడగనేదు. అడుగుతాదేమోనని ఆ నాలుగేల్లూ బయపడినాను.”

హాల్లోంచి ఒక ఈల వినిపించింది. తర్వాత పది ఈలలు. తెర ఎర్రబడుతున్నట్టుంది. “ఒరే ఆపరేటరూ” అని కేకలు మొదలయ్యాయి. బెంచీలు చరుస్తున్నారు. ఆ చప్పుడుకి గవర్రాజు సంచీ అక్కడే వదిలి గుడ్డిగా హాలు తలుపు వైపు అడుగు వేశాడు. శ్రీరామ్మూర్తి అతని జబ్బ పట్టుకుని ఆపాడు.

“ఏటీ కాదు. ఇది ఉత్తినే అరుపేలే.”

కేకల్లో ఎవరో నవ్వారు కూడా. గవర్రాజు తలపాగా గుడ్డతో మొహం తుడుచుకున్నాడు.

“నాను తాళం ఎయ్యకపోతే...”

“నాను పొమ్మనకపోతే,” అన్నాడు శ్రీరామ్మూర్తి. “ఊరుకో.”

రోడ్డు మలుపులో బస్సు దీపాలు కనిపించాయి. శ్రీరామ్మూర్తి సంచీ అందుకుని, రెండో చేత్తో గవర్రాజు చెయ్యి పట్టుకుని రోడ్డు దాకా నడిపించాడు. కండక్టరు పైనుంచి చెయ్యందించాడు. ముందు సీట్లో కూర్చున్న ఒకామె ఎవరూ అడక్కుండానే జరిగి చోటిచ్చింది.

“కళ్ళు బాగుసేయించుకున్నాక కబురెట్టు,” అన్నాడు శ్రీరామ్మూర్తి కిటికీ దగ్గర నిలబడి.

“వొస్తావా?”

“వొస్తాను.”

బస్సు కదిలింది. అతను మెట్లెక్కి వచ్చేసరికి కేబిన్‌లో చీకటి. మిషన్ మాత్రం తిరుగుతూనే ఉంది. మాటలు వినిపిస్తున్నాయి, బొమ్మ లేదు. బట్టీ దగ్గర జరగాల్సిందంతా జనం చెవులతోనే విన్నారన్నమాట. కడ్డీలు తాకించి మళ్ళీ వెలిగించాడు. తెర తెల్లబడేటప్పటికి పంతులు సముద్రం ఒడ్డున ఒంటరిగా కూర్చుని ఉన్నాడు. చేతిలో కత్తి లేదు.

“ఒరే, ఆణ్ణెవుడు సంపినాడ్రా?” నేలలోంచి ఒకడు అడిగాడు.

“ఆపరేటరు సంపీసినాడు,” అన్నాడు ఇంకొకడు. హాలంతా గొల్లుమంది.

ఆట వదిలాక టాకీస్ యజమాని అచ్యుతరామయ్య పైకి వచ్చాడు. కృష్ణా జిల్లా నుంచి ప్లాంటు కడుతున్న రోజుల్లో వచ్చి స్థిరపడిన మనిషి. పెద్దగా అరిచే అలవాటు లేదు.

“ఏమయ్యా శ్రీరామ్మూర్తీ, ఏమైంది?”

“కిందికి దిగినానండి.”

“దీపం వదిలేసా?”

“అవునండి.”

అచ్యుతరామయ్య అతని మొహంలోకి చూశాడు. “సరే, మిషన్లు కప్పెట్టి ఇంటికి పో. పొయ్యేటప్పుడు పక్క గేటు వేసెయ్. గవర్రాజు లేడుగా,” అని దిగిపోయాడు.

మిషన్ల మీద గుడ్డలు కప్పి, కార్బన్ మసి చేతులకి సబ్బు రాసి కడుక్కుని, శ్రీరామ్మూర్తి కిందికొచ్చాడు. జనం వెళ్ళిపోయిన సందులో వేరుశనగ తొక్కలు కాళ్ళకింద చిట్లుతున్నాయి. ఎనిమిదేళ్ళుగా అతను ముందు గుమ్మంలోంచే వచ్చి పోయేవాడు. ఈ గేటును తన చేత్తో మూయడం ఇదే మొదలు. చప్పుడు కాకుండా మెల్లగా లాగాడు. గడియ వేశాడు. తాళం మాత్రం వెయ్యకుండా కొక్కేనికే వదిలాడు.

గేటు లోపలి గోడకు మేకు ఉంది. దానికి గవర్రాజు ఖాకీ చొక్కా వేలాడుతోంది. కాలర్ చెమట ఇంకా ఆరలేదు, జేబులో మొదటాట గులాబీరంగు టిక్కెట్ల చింపిన సగాలు ఉబ్బెత్తుగా ఉన్నాయి.